బ్లూ మౌంటెన్స్‌లో చలికాలపు వారాంతం: క్యాంపింగ్, బుష్‌వాకింగ్ (అడవి దారుల్లో నడక), ఫోటోగ్రఫీ ఎలా చేయాలి

సిడ్నీలో ఉండే తెలుగు కుటుంబాలు బ్లూ మౌంటెన్స్‌కు వెళ్తే సాధారణంగా కటూంబాలోని ఎకో పాయింట్ దగ్గర ఆగి, త్రీ సిస్టర్స్ శిలలను చూసి, ఫోటోలు దిగి, చీకటి పడేలోగా ఇంటిదారి పడతాయి. ఆ కొండల్లో ఫోటోగ్రఫీకి అన్నిటికన్నా మంచి వెలుగు మాత్రం ఆ కార్లు వెళ్లిపోయే వేళకు మొదలై, మర్నాడు అవి తిరిగి రాకముందే ముగిసిపోతుంది. కాబట్టి ప్రకృతి దృశ్యాలను శ్రద్ధగా తీయదలచినవారు ఒక రాత్రి అక్కడే గడపాలి. అది కూడా జూన్ నుంచి ఆగస్టు వరకు ఉండే చలికాలంలో గడపాలని నా సలహా. అప్పుడు లోయల్లో పొగమంచు నిలుస్తుంది, పాములు, జలగల బెడద తగ్గుతుంది, సూర్యోదయం సుమారు 7 గంటలకు కాబట్టి ఫోటోల కోసం అర్ధరాత్రి దాటగానే లేవవలసిన పని ఉండదు.

బయలుదేరే ముందు ఒక్క విషయం బాగా అర్థం చేసుకోండి. చలిలో నడకకు సంబంధించి మీకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం కదులుతూ ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఫోటోలు తీసేవారు చెమట పట్టేలా కొండ ఎక్కి, ఆ తడి ఒంటితోనే గాలి కొట్టే అంచున గంటసేపు కదలకుండా నిలబడతారు. వేళ్లు కొంకర్లు పోయి, ఒళ్లు వణకడం మొదలైతే సరిగ్గా వెలుగు పండే సమయానికి ట్రైపాడ్ మడిచి కారెక్కాలనిపిస్తుంది. అందువల్ల దుస్తులు, తిండి, నడక వేళలు అన్నిటినీ ఆ నిలబడే గంటను బట్టి నిర్ణయించుకోవాలి.

తేదీని, వాతావరణాన్ని చూసుకోవడం

ఈ వారాంతానికి బ్లాక్‌హీత్ ఊరిని కేంద్రంగా పెట్టుకోండి. ఇది సిడ్నీ నుంచి గ్రేట్ వెస్టర్న్ హైవే మీద సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1,065 మీటర్ల ఎత్తున ఉంది. సెంట్రల్ స్టేషన్ నుంచి రైలులోనూ రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా చేరుకోవచ్చు. సిడ్నీ ఉష్ణోగ్రతను చూసి బట్టలు సర్దుకోకండి. జూలైలో ఇక్కడ పగలు కూడా పది డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, తెల్లవారుజామున సున్నాకు చేరువవుతుంది, అప్పుడప్పుడు హిమపాతం కూడా ఉంటుంది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖకు బ్లాక్‌హీత్ పక్కనే మౌంట్ బాయ్స్ దగ్గర పరిశీలన కేంద్రం ఉంది కాబట్టి, ఆ కేంద్రం నమోదు చేసే ఉష్ణోగ్రతను, గాలి వేగాన్ని వారం రోజుల ముందు నుంచే గమనించండి. ఉష్ణోగ్రత కన్నా గాలి వేగం ముఖ్యం. లంబసింగి చలిని చూసి వచ్చినవారు ఇక్కడి చలిని తేలికగా అంచనా వేస్తారు. అక్కడ తెల్లవారుజామున గాలి దాదాపు ఆగి ఉంటుంది, ఇక్కడ చలిగాలుల రోజున పడమటి గాలి జాకెట్ సందుల్లోంచి దూరుతుంది.

ఫోటోల దృష్టితో చూస్తే చలికాలంలో రెండు రకాల రోజులు వస్తాయి. వాన వెలిసిన తరువాత ఆకాశం తేటపడి, గాలి ఆగిపోయిన రాత్రుల్లో చల్లటి గాలి బరువెక్కి లోయల్లోకి జారుతుంది, అక్కడి తేమ పొగమంచుగా మారుతుంది, తెల్లారేసరికి లోయ నిండా తెల్లటి మేఘం పరుచుకుని కొండ శిఖరాలు మాత్రమే పైకి కనిపిస్తాయి. పడమటి గాలి వీచే రోజుల్లో పొగమంచు ఉండదు, దూరపు కొండలు మాత్రం గీత గీసినట్లు స్పష్టంగా కనిపిస్తాయి. మీకు ఎంచుకునే వీలుంటే మొదటి రకానికి ఆగండి. పాలపుంతను కూడా తీయాలనుకుంటే అమావాస్యకు దగ్గరగా ఉన్న వారాంతం చూసుకోండి. తెలుగు క్యాలెండర్ ఇంట్లో ఉన్నవారికి ఇది క్షణంలో తేలిపోయే పని.

బస ఎక్కడ

బ్లాక్‌హీత్ నుంచి హ్యాట్ హిల్ రోడ్డు మీదుగా, చివర కొంతదూరం మట్టిరోడ్డుపై వెళితే పెర్రీస్ లుక్‌డౌన్ అనే చిన్న క్యాంప్‌గ్రౌండ్ వస్తుంది. అక్కడ ఐదు టెంట్లకు మాత్రమే చోటు ఉంది, కాబట్టి న్యూ సౌత్ వేల్స్ నేషనల్ పార్క్స్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకుని వెళ్లండి. తాగునీరు దొరకదు, మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. చోటు దొరకకపోతే మెగలాంగ్ లోయలోని క్యాంపు స్థలాలు ఉన్నాయి, కానీ చల్లటి గాలి కిందికే చేరుతుంది కాబట్టి నిశ్చలమైన రాత్రుల్లో లోయ అడుగున పైకన్నా ఎక్కువ చలి ఉంటుందని, తెల్లారేసరికి టెంటు మీద మంచు గడ్డకట్టి ఉండవచ్చని గుర్తుంచుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, చంటిపిల్లలను ఈ చలిలో టెంటులో పడుకోబెట్టకండి. వారికి బ్లాక్‌హీత్‌లో హీటర్ ఉన్న గది తీసుకుని, ఎండ వచ్చాక వ్యూపాయింట్‌కు తీసుకురండి. ఆ లోయను వారు కూడా తప్పక చూడాలి, కానీ వణుకుతూ చూడకూడదు.

నేషనల్ పార్కులోకి పెంపుడు జంతువులను అనుమతించరు, ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. వానల తరువాత కొండచరియలు విరిగిపడి దారులు మూసేయడం ఇక్కడ తరచుగా జరిగే విషయం కాబట్టి, బయలుదేరే ముందు రోజు పార్కు హెచ్చరికలను మరొకసారి చూడండి. మూసిన దారికి అడ్డుపెట్టిన కంచెను ఎవరైనా దాటుతున్నా మీరు దాటకండి.

నిలబడటానికి దుస్తులు

నూలు బట్టలు మనకు ఎంత అలవాటైనా ఈ పనికి పనికిరావు. నూలు చెమటను పీల్చుకుని ఎంతకీ ఆరదు, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. జీన్స్ తడిస్తే మరీ కష్టం. ఒంటికి ఆనుకుని మెరీనో ఊలు థర్మల్స్, దాని మీద ఫ్లీస్, అన్నిటికీ పైన గాలిని, వానను ఆపే జాకెట్ వేసుకోండి. నడిచేటప్పుడు ఫ్లీస్‌ను తీసి బ్యాగులో పెట్టుకోవాలి. మొదటి పది నిమిషాలు కొంచెం చలిగా అనిపించేలా బయలుదేరడమే సరైన పద్ధతి, ఎందుకంటే అప్పుడు చెమట తక్కువ పడుతుంది.

ఇక ఫోటోలు తీసేవారికి మాత్రమే అవసరమైనవి రెండు ఉన్నాయి. ఒకటి, మారు థర్మల్ చొక్కా. వ్యూపాయింట్‌కు చేరగానే, ట్రైపాడ్ తెరవడానికి ముందే, చెమట పట్టిన లోపలి చొక్కాను మార్చుకోండి. గాలిలో ఆ అర నిమిషం దుర్భరంగా ఉంటుంది, కానీ తరువాతి గంట అంతా సుఖంగా ఉంటారు. రెండవది, పక్షుల మెత్తటి నూగు ఈకలు నింపిన దళసరి డౌన్ జాకెట్. ఇది నడవడానికి కాదు, నిలబడటానికి. బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టుకోండి, చలి వేయడం మొదలయ్యాక కాకుండా ఒంట్లో నడక వేడి ఇంకా ఉండగానే తొడుక్కోండి. జాకెట్ కొత్త వేడిని పుట్టించదు, ఉన్న వేడిని నిలుపుతుంది.

చేతులకు పల్చటి ఊలు గ్లవ్స్ వేసుకుని, వాటి మీద వేళ్లు లేని దళసరి మిటెన్స్ తొడుక్కుంటే కెమెరా బటన్లు నొక్కవలసినప్పుడు పైవి మాత్రమే తీయవచ్చు. తలకు మన మంకీ క్యాప్‌ను మించినది లేదు. చెవులు, మెడ, గడ్డం అన్నీ ఒకేసారి కప్పుకుంటాయి. లోహపు ట్రైపాడ్ కాళ్లు చేతిలోని వేడిని లాగేస్తాయి కాబట్టి పై భాగాలకు ఫోమ్ గొట్టం చుట్టి టేపు వేయండి. నిలబడేచోట రాతి చలి కాళ్లకు ఎక్కకుండా పాత ఫోమ్ చాప ముక్కను కింద వేసుకోండి. ఇంత చిన్న ఏర్పాటు ఎంత మేలు చేస్తుందో ఒకసారి వాడితే తెలుస్తుంది.

మీతో ఉన్నవారిని గమనిస్తూ ఉండండి. ఆపుకోలేని వణుకు, మాట ముద్దముద్దగా రావడం, అడుగు తడబడటం, అడిగిన దానికి పొంతనలేని జవాబు చెప్పడం శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోతోందనడానికి గుర్తులు. ఆ మనిషిని వెంటనే గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగ్ కప్పి, స్పృహలో ఉండి మింగగలిగితే వేడిగా, తీపిగా ఏదైనా తాగించండి. మద్యం ఇవ్వకూడదు, కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకూడదు. తేరుకోకపోతే ఇక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయండి.

టెంటులో రాత్రి

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి: హాయిగా నిద్రపట్టే కంఫర్ట్, ముడుచుకుని ఎలాగో తట్టుకోగలిగే లిమిట్. దుకాణంలో పెద్ద అక్షరాలతో కనిపించేది చాలాసార్లు లిమిట్ అంకె; మీరు చూసుకోవలసింది కంఫర్ట్ అంకె. అది సున్నా లేదా మైనస్ ఐదు ఉన్నది తీసుకోండి. చాలామంది బ్యాగు మీద డబ్బు పెట్టి కింద పరిచే మ్యాట్‌ను పట్టించుకోరు, కానీ రాత్రంతా ఒంటి వేడిని లాగేది నేలే. మ్యాట్ నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-విలువ నాలుగుకు తగ్గకుండా చూసుకోండి, లేకపోతే ఉన్న మ్యాట్ కింద ఫోమ్ చాప ఒకటి వేయండి. ఇంటి నుంచి తెచ్చిన రగ్గు ఉంటే ఒంటి కింద పరచడం మేలు. టెంటు గాలి సందులను పూర్తిగా మూయకండి, మూస్తే ఊపిరిలోని తేమ లోపలి గోడలకు పట్టి మీ మీదే కారుతుంది.

స్టవ్ విషయంలో జాగ్రత్త అవసరం. ఇళ్లలో హాట్‌పాట్‌కు వాడే పొడుగు డబ్బాల క్యాసెట్ స్టవ్‌లో సాధారణంగా బ్యూటేన్ ఉంటుంది. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 0.5 డిగ్రీలు కాబట్టి, సున్నా దగ్గరికి చేరేసరికి డబ్బా నిండుగా ఉన్నా మంట రాదు. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిసిన స్క్రూ డబ్బాలు కొనండి. చెక్క మంటలకు ఎక్కడ అనుమతి ఉందో, ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్ (బయట నిప్పు వెలిగించడంపై నిషేధం) ఉందో లేదో కూడా తెలుసుకోండి. 2019-20 వేసవిలో ఈ కొండల్లో విస్తారమైన అడవి కాలిపోయింది. ఇక్కడ నిప్పు నిబంధనలను పాటించడం మన కనీస బాధ్యత. చలికి తాళలేక స్టవ్‌ను గాని, బొగ్గుల కుంపటిని గాని టెంటులోకి, కారులోకి తీసుకురాకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తిండి వేడిగా, తొందరగా అయ్యేది ఉండాలి. బొంబాయి రవ్వను ఇంట్లోనే ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపుతో దోరగా వేయించి, ఉప్పు కలిపి డబ్బాలో పెట్టుకుంటే మరిగే నీళ్లు పోసి మూత పెట్టిన ఐదు నిమిషాల్లో ఉప్మా సిద్ధమవుతుంది. పులిహోర శనివారం మధ్యాహ్నానికి బాగుంటుంది, రాత్రికి మెతుకులు చల్లబడి గట్టిపడతాయి. రెండు ఫ్లాస్కులు తీసుకెళ్లండి, ఒకటి మిరియాల చారుకు, ఒకటి అల్లం టీకి. నిలబడే గంటలో జేబులో పల్లీ చిక్కి ముక్కలు ఉండాలి. కడుపులో తిండి ఉంటేనే ఒంట్లో వేడి పుడుతుంది.

శనివారం నడక

ఉదయం ఆరున్నరకే సిడ్నీ నుంచి బయలుదేరండి. బ్లాక్‌హీత్‌లో గోవెట్స్ లీప్ రోడ్డు చివర ఉన్న హెరిటేజ్ సెంటర్‌లో ఆగి, ఆపద సమయంలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే పర్సనల్ లొకేటర్ బీకన్‌ను తీసుకోండి. దీన్ని ఉచితంగానే ఇస్తారు. కటూంబా పోలీస్ స్టేషన్‌లో కూడా దొరుకుతుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో తెలిపే ఫారం నింపి, ఇంట్లో ఒకరికి కూడా చెప్పండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉంటుందని అనుకోకండి.

ముందుగా టెంటు వేసేయండి, ఎందుకంటే సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. ఆ తరువాత ఎవాన్స్ లుకౌట్ రోడ్డులోని గ్రాండ్ కాన్యన్ నడకదారికి వెళ్లండి. దాదాపు ఆరు కిలోమీటర్ల ఈ చుట్టుదారికి మామూలుగా మూడున్నర గంటలు పడితే, కెమెరా చేతిలో ఉన్నవారికి నాలుగు దాటుతుంది. నీట్స్ గ్లెన్ వైపు నుంచి దిగి ఎవాన్స్ లుకౌట్ దగ్గర పైకి రండి. మొదలుపెట్టేసరికి పదకొండు దాటిపోతే ఆ రోజుకు ఈ దారి మానుకుని, గోవెట్స్ లీప్‌కూ ఎవాన్స్ లుకౌట్‌కూ మధ్య కొండ అంచు వెంబడి సాగే సుమారు మూడు కిలోమీటర్ల క్లిఫ్ టాప్ దారిలో నడవండి. భారీ వాన పడిన రోజుల్లో గ్రాండ్ కాన్యన్‌లోకి దిగనేవద్దు.

కాన్యన్ లోపల ఎండ నేరుగా పడదు, అదే దాని అందం. ఫెర్న్ ఆకులు, నాచు పట్టిన ఇసుకరాయి గోడలు, వాటి మధ్య పారే సన్నటి వాగు మబ్బు పట్టిన రోజున చక్కగా వస్తాయి. పోలరైజర్ ఫిల్టర్‌ను తిప్పుతూ తడి ఆకుల మీది తెల్లటి మెరుపు తగ్గి పచ్చదనం పైకి వచ్చే చోట ఆపండి. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 లేదా ఎఫ్/11 పెట్టి, నీటి కదలిక కోసం షట్టర్‌ను అర సెకను నుంచి ఒక సెకను దాకా ఉంచి చూడండి. అంతకన్నా ఎక్కువసేపు తెరిస్తే నీరు ఆకారం కోల్పోతుంది. దారి ఇరుకైనది కాబట్టి వెనుక ఎవరైనా వస్తే ట్రైపాడ్ తీసి దారివ్వండి. చలికాలం లైర్‌బర్డ్ పక్షులు జతకట్టే కాలం. మగపక్షి అనేక ఇతర పక్షుల కూతలను వరుసగా అనుకరిస్తుంది. వినబడితే కదలకుండా నిలబడండి, దాన్ని రప్పించడానికి ఫోన్‌లో రికార్డు చేసిన కూతలు వినిపించకండి.

సాయంత్రం, రాత్రి

ఇండియాలో చలికాలపు సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, ఇక్కడ ఉత్తరానికి వాలి నడుస్తాడు. ఫలానా గోడ మీద వెలుగు పడుతుందని మనకు అలవాటైన అంచనా ఇక్కడ తలకిందులవుతుంది; దక్షిణానికి తిరిగి ఉన్న కొండ గోడలు చలికాలమంతా దాదాపు నీడలోనే ఉంటాయి. జూన్ చివర సూర్యాస్తమయం ఐదు గంటలకు కాస్త ముందే అవుతుంది. నాలుగింటికల్లా షిప్లీ రోడ్డు మీదుగా హార్‌గ్రేవ్స్ లుకౌట్‌కు చేరండి. అక్కడి నుంచి పడమటి లోయ, దాని వెనుక ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు కొండల వరుసలు కనిపిస్తాయి. వాటికి వైడ్ లెన్స్ కన్నా 100 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్ బాగా పనికొస్తుంది. సూర్యుడు దిగిపోగానే చాలామంది వెళ్లిపోతారు, మీరు మాత్రం మరో ఇరవై నిమిషాలు ఉండండి. రంగులు ఎక్కువగా పండేది అప్పుడే, డౌన్ జాకెట్ అసలు పని మొదలయ్యేదీ అప్పుడే.

ఇక్కడి ఇసుకరాయి అంచులు పెళుసైనవి, చాలాచోట్ల కంచె ఉండదు. వెలుగు ఉండగానే నిలబడే చోటును ఎంచుకుని, అంచుకు కనీసం రెండు మీటర్ల దూరంలో ట్రైపాడ్ పెట్టి, చీకటిలో అక్కడి నుంచి ముందుకు అడుగు వేయకండి. ఫ్రేమ్ కోసం వెనక్కి నడిచే అలవాటు ఉంటే ఈ కొండల్లో దాన్ని పూర్తిగా మానుకోవాలి.

మన పాలపుంత కేంద్రం వృశ్చిక, ధనుస్సు రాశుల వైపు ఉంది. తెలుగు నేల నుంచి చూస్తే ఆ భాగం దక్షిణ ఆకాశంలో సగం ఎత్తుకు మించి రాదు. ఇక్కడ జూన్, జూలై రాత్రుల్లో దాదాపు నడినెత్తికి వస్తుంది. సిడ్నీ దీపాల కాంతి తూర్పున కనిపిస్తుంది కాబట్టి దక్షిణం, పడమర వైపులను ఎంచుకోండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, 15 సెకన్లతో మొదలుపెట్టి ఫలితాన్ని బట్టి మార్చుకోండి. ఫోకస్‌ను మాన్యువల్‌లో ఉంచి, ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని తెర మీద పెద్దది చేసి, అది వీలైనంత చిన్న చుక్కగా మారేవరకు సరిచేయండి. రాత్రి లెన్స్ అద్దం మీద మంచు తేమ పడుతుంది. చేతులు కాచుకునే చిన్న వార్మర్ సంచీని రబ్బరు బ్యాండుతో లెన్స్ ముందు భాగం చుట్టూ కడితే అది పట్టదు. చలిలో బ్యాటరీ శక్తి తొందరగా పడిపోతుంది, కాబట్టి అదనపు బ్యాటరీలను లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉంచుకోండి, పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

ఆదివారం ఉదయం

ఐదున్నరకు లేచి, టీ తాగి, ఆరుంపావుకల్లా గోవెట్స్ లీప్‌కు చేరండి. రోడ్డు మీద కనిపించని మంచు పొర ఉండవచ్చు, వాంబాట్‌లు, కంగారూలు అడ్డు రావచ్చు; నెమ్మదిగా నడపండి. ఈ వ్యూపాయింట్ గ్రోస్ లోయ పొడవునా ఈశాన్యం వైపు చూస్తుంది, చలికాలపు సూర్యుడూ ఈశాన్యంలోనే ఉదయిస్తాడు. ఈ రెండూ ఇలా కలవడం వల్లే సూర్యోదయానికి ఈ చోటును మొదట చెబుతాను. చార్లెస్ డార్విన్ 1836లో ఇక్కడికి వచ్చి ఈ లోయను చూశాడు.

ఆకాశం తెల్లగా, లోయ నల్లగా ఉండే ఆ సమయంలో ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండూ రావడం కష్టం. కెమెరా కుదించకుండా దాచే రా ఫైల్‌లో, రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు లేదా సగం అవుతుంది) తేడాతో మూడు ఫోటోలు వరుసగా తీసి ఇంటికి వచ్చాక కలపండి. పొగమంచు నిండిన దృశ్యాన్ని కెమెరా మీటర్ బూడిద రంగుకు దించేస్తుంది, అందుకని ఒక స్టాపు పెంచి, ఫోటోలోని వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్ కుడి అంచుకు తగలకుండా చూసుకోండి. వైడ్ లెన్స్‌తో మొత్తం లోయను ఒకసారి తీశాక, పొడుగు లెన్స్ పెట్టుకుని పొగమంచులోంచి పైకి లేచే ఒక్కొక్క కొండ ముక్కును వెతకండి. ఎండ తగిలాక పొగమంచు కదులుతుంది, నిమిషానికో ఆకారం మారుతుంది. ఆ అరగంటలో వెనుదిరిగి స్క్రీన్ మీద ఫోటోలు చూసుకోకండి.

కింద లోయ అడుగున బ్లూ గమ్ ఫారెస్ట్ ఉంది. 1931 ఈస్టర్ సెలవుల్లో అక్కడ క్యాంపు చేసిన బుష్‌వాకర్లకు ఆ చెట్లను నరికేసే ఆలోచన ఉందని తెలిసి, లీజుదారుకు 130 పౌండ్లు చెల్లించి అడవిని కాపాడారు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో నడక ఇష్టపడే మామూలు మనుషులు పోగుచేసిన డబ్బు అది. పెర్రీస్ లుక్‌డౌన్ నుంచి అక్కడికి దారి ఉంది, కానీ ఆరువందల మీటర్లకు పైగా నిలువుగా దిగి మళ్లీ ఎక్కాలి. కెమెరా బరువుతో, నిద్ర తక్కువైన ఆదివారం దాన్ని తలపెట్టకండి. ఆ నడకకు మరో వారాంతాన్ని పూర్తిగా కేటాయించడం న్యాయం.

చల్లబడిన కెమెరాను నేరుగా వెచ్చటి కారులోకి తీసుకొస్తే లెన్స్ మీద, లోపల కూడా తేమ పడుతుంది. బయటే మెమరీ కార్డు తీసేసుకుని, కెమెరాను బ్యాగులో పెట్టి జిప్పు మూసి, రెండు మూడు గంటల తరువాతే తెరవండి. టెంటును తడిగా మడిచి ఉంటే ఇంటికి చేరిన రోజే గ్యారేజీలో విప్పి ఆరబెట్టండి, స్లీపింగ్ బ్యాగ్‌ను సంచీలో కుక్కకుండా వదులుగా వేలాడదీయండి. బ్లాక్‌హీత్ దాటేముందు బీకన్‌ను తీసుకున్న చోటే తిరిగి ఇచ్చి, మీ రాకకోసం చూస్తున్న మనిషికి క్షేమంగా బయటపడ్డామని ఫోన్ చేయండి. చెప్పిన వేళకు ఆ ఫోన్ రాకపోతే మిమ్మల్ని వెతకడానికి ఆ చలిలో మరికొందరు లోయలోకి దిగవలసి వస్తుంది.